పాదసూచికలో మునిగిన మనుషులు

ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ గురించి దళిత అధ్యయనాల పత్రికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులు అడగొచ్చు. మబ్బులూ, సముద్రమూ, పొద్దుగుంకే వేళలూ గీసుకున్న మనిషి ఆయన. మన గొడవలు మనకుండగా ఆయన మబ్బులతో మనకేం పని?

పని ఉంది. ఆయన గీసిన ఒక సముద్రంలో మనుషులున్నారు. కాళ్లకు ఇనుప సంకెళ్లున్న నల్లమనుషులు. వాళ్లని పక్కనబెట్టి ఆ సముద్రాన్ని ఎట్లా మెచ్చుకోవాలో చదువుకున్న లోకానికి నేర్పిన విమర్శ ఒకటుంది. ఆ విమర్శ పుట్టింది ఇంగ్లండులోనే అయినా ఆ చూపు అక్కడితో ఆగిపోలేదు. ప్రకృతి వర్ణన అనగానే పొలం పచ్చదనం కనిపించి, నాట్లు వేసే ఆడమనిషి వంగిన నడుము కనిపించని చదువు మనమంతా చదువుకున్నదే. కాబట్టి ఈ వ్యాసం ఒక బొమ్మ గురించి ఎంతో, బొమ్మను చూసే చూపు గురించీ అంతే.

జోసెఫ్ మాలర్డ్ విలియం టర్నర్ 1775లో లండన్‌లో పుట్టాడు. తండ్రి కోవెంట్ గార్డెన్ ప్రాంతంలో మంగలిపని చేసేవాడు, విగ్గులు తయారుచేసేవాడు. కొడుకు చిన్నతనంలో గీసిన బొమ్మల్ని ఆ షాపులోనే పెట్టి అమ్మాడు. పద్నాలుగేళ్లకు రాయల్ అకాడమీ బడిలో చేరిన టర్నర్ 1802లో అకాడమీ పూర్తి సభ్యుడయ్యాడు. తర్వాత తండ్రి షాపు మానేసి, కొడుకు దగ్గరే కాన్వాసులు బిగిస్తూ వార్నిష్ పూస్తూ గడిపాడు. పెద్దమనుషుల అకాడమీలో కూడా టర్నర్ యాస లండన్ బస్తీ యాసగానే ఉండిపోయింది. ఇదంతా చదివి, చేతిపని ఇంట్లోంచి వచ్చినవాడు గనక ఆయన దానంతటదే పీడితుల పక్షాన ఉంటాడని తొందరపడొద్దు. ఆ లెక్క తర్వాత చూద్దాం.

సముద్రం ఆయన్ని మొదట్నుంచీ పట్టుకుంది. 1796లో అకాడమీలో ఆయన ప్రదర్శించిన మొదటి తైలవర్ణ చిత్రమే వెన్నెల రాత్రి సముద్రం మీద జాలర్ల బొమ్మ. కెంట్ తీరంలోని మార్గేట్ ఊరికి జీవితమంతా మళ్లీ మళ్లీ వెళ్లాడు. అక్కడి ఆకాశాలంత అందమైనవి యూరప్‌లోనే లేవని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. 1816-18 ప్రాంతంలో ఆయన వాడిన ఒక నోటుపుస్తకంలో పేజీ వెనక పేజీ ఆకాశాలే. వయసు పెరిగేకొద్దీ ఆయన బొమ్మల్లో నీరెక్కడ ముగిసి నింగి ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. 1842లో మంచు తుఫానులో చిక్కిన ఆవిరి ఓడను గీస్తే, సబ్బునురగా సున్నమూ కలిపి పూశాడని ఎగతాళి చేశారు. ఇవాళ అదే బొమ్మను ఆధునిక చిత్రకళకు ముందడుగు అంటున్నారు.

ఆకాశాన్ని ఇట్లా మనోభావంగా చూడటం తప్పని మేం అనడం లేదు. అందం మీద మాకేం పగ లేదు. కానీ తీరం పల్లెల్లో మబ్బు కమ్మితే ముందు మనసుకు తట్టేది వేరు. వేటకు పోయిన పడవ, కల్లంలో వడ్లు, గుడిసె కప్పు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని చంపినప్పుడు ఆ ఆకాశం ఎవరికీ మూడ్ కాదు. పక్కా ఇల్లున్నవాడికీ తాటాకు గుడిసె ఉన్నవాడికీ ఒకే మబ్బు ఒకే విధంగా కనపడదు. ఈ తేడా మనసులో ఉంచుకుని టర్నర్ 1840లో రాయల్ అకాడమీలో పెట్టిన బొమ్మ దగ్గరికి వెళదాం.

ఆ బొమ్మను ఇప్పుడు అందరూ ‘బానిస ఓడ’ అంటున్నారు. ఆయన పెట్టిన అసలు పేరు పొడుగైనది. బానిస వ్యాపారులు చచ్చినవాళ్లనీ చస్తున్నవాళ్లనీ సముద్రంలోకి విసిరేస్తున్నారు, తుఫాను వస్తోంది అని దాని అర్థం. దాదాపు మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. మధ్యలో తెల్లగా మండే పొద్దు. దాని వెలుగు నిలువుగా నీళ్ల మీదికి దిగుతుంది. చుట్టూ ఎరుపు, పసుపు, రక్తం కలిసినట్టున్న నారింజ. ఎడమ పక్కన దూరంగా, తెరచాపలు దించేసి, అలల్లో ఊగిపోతున్న ఓడ. మొదటిచూపులో ఇంతే కనపడుతుంది.

రెండోసారి చూస్తే కుడిపక్క కింది మూలన ఒక కాలు. తలకిందులుగా, మడమ పైకి, మోకాలు దాకా. చీలమండకు ఇనుప సంకెల. దాని చుట్టూ చేపల మూక, పైన పక్షులు. ఇంకాస్త వెతికితే అలల మధ్య చేతులు, గొలుసులు. ముఖం ఒక్కటీ లేదు.

ఈ బొమ్మను చాలామంది జాంగ్ అనే ఓడ కథతో ముడిపెట్టి చదువుతారు. ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోక తప్పదు. లివర్‌పూల్ వ్యాపారుల ఓడ అది. 1781లో పశ్చిమ ఆఫ్రికా నుంచి నాలుగువందల మందికి పైగా బానిసల్ని కుక్కుకుని జమైకాకు బయల్దేరింది. దారి లెక్క తప్పి జమైకా దాటిపోయింది. ఓడలో రోగాలు. మంచినీళ్లు అయిపోతున్నాయన్నారు. నవంబరు 29 నుంచి కొన్ని రోజుల్లో, విడతలు విడతలుగా, 130 మందికి పైగా మనుషుల్ని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. మొదట తోసింది ఆడవాళ్లనీ పిల్లల్నీ. కొందరు వాళ్ల చేతికి చిక్కకుండా తామే దూకారు.

ఎందుకు తోశారు? ఇన్సూరెన్సు కోసం. బానిసలు సరుకు కింద లెక్క. సరుకు దానంతటది చస్తే, అంటే రోగంతో చస్తే, నష్టం యజమానిది. ఓడను కాపాడ్డానికి తప్పనిసరై సరుకు నీళ్లపాలు చేస్తే నష్టం ఇన్సూరెన్సు వాళ్లది. తలకు 30 పౌండ్లు. యజమానులు ఆ డబ్బు అడిగారు. 1783లో జ్యూరీ వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. పైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఎదుట మళ్లీ విచారణ కావాలన్న వాదన నడిచింది. జ్యూరీ దృష్టిలో ఇది గుర్రాల్ని నీళ్లలోకి తోసిన కేసు లాంటిదేనని ఆయన చెప్పాడు. మళ్లీ విచారణకు ఉత్తర్వయితే అయింది గానీ, హత్యానేరం కింద ఎవర్నీ బోనెక్కించలేదు. ఈ సంగతి బయటికి రావడానికి కారణం ఒకప్పుడు తానే బానిసగా బతికిన ఒలౌడా ఎక్వియానో. ఆయన వెళ్లి గ్రాన్‌విల్ షార్ప్‌కు చెబితే, షార్ప్ హత్యకేసు పెట్టించాలని తిరిగాడు. ఫలితం లేదు.

ఇక్కడ ఒక చిన్న వివరం చాలా పెద్దది. నీళ్లు లేవన్నది యజమానుల వాదన. కానీ మనుషుల్ని తోసేయడం పూర్తికాకముందే వాన కురిసిందనీ, పీపాల్లో నీళ్లు పట్టుకున్నారనీ పైకోర్టు విచారణలో బయటపడింది. ఆ తర్వాత కూడా తోశారు. అంటే జాంగ్ కేసులో ఆకాశం సాక్ష్యం చెప్పింది. నీళ్లు లేవన్న అబద్ధాన్ని పట్టిచ్చింది మబ్బే.

టర్నర్ బొమ్మలో ఆకాశం ఏం చేస్తోంది? అక్కడ తుఫాను వస్తోంది. జాంగ్ వాళ్లు సాకుగా చెప్పింది నీళ్లకరువునే గానీ తుఫానును కాదు. టర్నర్ తుఫాను పెట్టాడు. ఎందుకు పెట్టాడన్నదానికి రెండు జవాబులున్నాయి. పాపం చేసిన ఓడ మీదికి ప్రకృతి కోపం వచ్చి పడుతోందని ఒకటి. బొమ్మతోపాటు ప్రదర్శన పుస్తకంలో ఆయన అచ్చువేసిన సొంత పద్యం ముక్కను బట్టి ఈ అర్థం కుదురుతుంది. రెండోది మనకు గుబులు పుట్టించేది. ఇంత పెద్ద తుఫాను ముందు నిలబడ్డ ప్రేక్షకుడికి, మనుషుల్ని చంపింది ఓడ యజమాని లెక్కల పుస్తకం కాదు, సముద్రమే అనిపించే ప్రమాదం ఉంది. నేరం వాతావరణం ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఒక బొమ్మ ఈ రెండూ చేయగలదు. ఏది చేస్తుందన్నది చాలావరకు విమర్శకుడి చేతిలో ఉంటుంది.

విమర్శకుడు ఏం చేశాడో చూద్దాం. జాన్ రస్కిన్ 1843లో ‘మోడరన్ పెయింటర్స్’ మొదటి సంపుటం వేశాడు. టర్నర్‌ను నెత్తిన పెట్టుకున్న పుస్తకం అది. టర్నర్ కీర్తి శాశ్వతమని నిరూపించడానికి ఒక్క బొమ్మే ఎంచుకోవాల్సి వస్తే దీన్నే ఎంచుకుంటానని అందులో అన్నాడు. ఈ బొమ్మలోని అలల లోతు, నీటి మీద పడ్డ నెత్తుటి వెలుగు, మబ్బుల రంగు గురించి ఇంగ్లీషు వచనంలోనే గొప్పదని చెప్పుకునే వర్ణన రాశాడు. మరి ఆ ఓడ ఏ ఓడ? నీళ్లలో ఉన్నదెవరు? ఆ సంగతి రస్కిన్ పాదసూచికలో చెప్పాడు. అది బానిసల ఓడ అనీ, వాళ్లని నీళ్లలోకి విసిరేస్తోందనీ, దగ్గర్లోని నీళ్లనిండా శవాలున్నాయనీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రెండు ముక్కలు.

ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లెవరికీ ఈ అమరిక కొత్తగా విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరు పైన, వాడ కింద. వాడ లేకపోతే ఊరు నడవదు, కానీ ఊరి వర్ణనలో వాడ ఉండదు. రస్కిన్ పేజీలో పైభాగం ఊరు. పాదసూచిక వాడ. రస్కిన్ అబద్ధం చెప్పలేదు, దాచలేదు కూడా. చోటు కేటాయించాడంతే. ఎవర్ని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచాడు. వెలి అంటే లేకుండా చేయడం కాదు. ఉండీ లెక్కలోకి రాకుండా చేయడం.

రస్కిన్ పాదసూచికను ఇట్లా పట్టుకున్న మొదటివాళ్లం మేం కాదు. గయానాలో పుట్టిన కవి డేవిడ్ డబిడీన్ 1994లో ‘టర్నర్’ అనే దీర్ఘకావ్యం వేశాడు. ఆ నీళ్లలో మునిగిపోతున్న ఆఫ్రికా మనిషికి అందులో మాట ఇచ్చాడు. రస్కిన్ ఆ బానిసల్ని మళ్లీ ఓడ మీంచి తోసేసినట్టు పాదసూచికలోకి తోశాడని ముందుమాటలో ఎత్తిచూపాడు. డబిడీన్ పూర్వీకులు మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా సముద్రం దాటించబడ్డవాళ్లు. పాదసూచికల్లోంచి వచ్చినవాడు గనకే పాదసూచిక ఆయన కంటపడింది. 2008లో నార్బెస్ ఫిలిప్ ‘జాంగ్!’ అనే పుస్తకం తెచ్చింది. ఆ కేసు తీర్పు నివేదికలోని మాటల్నే ముక్కలు చేసి, చెదరగొట్టి, అందులో లేని మనుషుల్ని వినిపించే ప్రయత్నం చేసింది.

మెచ్చుకున్నవాళ్ల సంగతి ఇది. ఎగతాళి చేసినవాళ్లు ఏం చూశారు? 1840లోనే నవలాకారుడు థాకరే ఈ బొమ్మ రంగుల్ని, చేపల్ని ఆటపట్టిస్తూ రాశాడు. 1880లో మార్క్ ట్వేన్ తన యాత్రాపుస్తకంలో మరింత నవ్వాడు. ఇనుప గొలుసులు నీళ్ల మీద తేలడం అసాధ్యం గదా అన్నది ఆయన హాస్యంలో ఒక ముక్క. నిజమే, ఇనుము తేలదు. కానీ ఆ గొలుసు తేలుతోంది గనకనే దాని కింద మనిషి ఉన్నాడని మనకు తెలుస్తోంది. ఇనుము మునగలేదని పేచీ పెట్టినవాళ్లకు మనుషులు మునిగారన్నది పేచీ కాలేదు.

ఇప్పుడు టర్నర్ లెక్క. 1805లో ఆయన జమైకాలోని ఒక పశువుల క్షేత్రంలో వాటా కోసం 100 పౌండ్లు పెట్టుబడి పెట్టాడు. అది బానిసల చాకిరీతో నడిచే క్షేత్రం. ఈ మధ్యకాలపు పరిశోధనలో ఈ సంగతి బాగా వెలుగులోకి వచ్చింది. మంగలి కొడుకు చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అవి వెళ్లిన చోటు అది. ముప్ఫయ్యయిదేళ్ల తర్వాత ఆయనే ఈ బొమ్మ గీశాడు. పశ్చాత్తాపమా, కాలంతోపాటు మారిన అభిప్రాయమా? బ్రిటన్ 1833లో తన వలసల్లో బానిసత్వం రద్దుచేస్తూ చట్టం చేసింది. యజమానులకు రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకు పైసా ఇవ్వలేదు. 1840 జూన్‌లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. బొమ్మ ప్రదర్శనకు వచ్చింది ఆ వేసవిలోనే. ఆయన మనసులోకి తొంగిచూడ్డం మాకు చేతకాదు. బొమ్మను మాత్రం చూడగలం.

బొమ్మ మీద మా ఫిర్యాదు ఇది: పొద్దుకు నిండు రూపం ఇచ్చిన చేయి బానిసకు ఒక కాలూ కొన్ని చేతులూ మాత్రమే ఇచ్చింది. ముఖం లేనివాడికి పేరుండదు. పేరు లేనివాడు అయ్యో అనడానికి పనికొస్తాడు గానీ అడగడానికి పనికిరాడు.

బొమ్మలో మాకు దొరికిన బలం కూడా చెప్పాలి. చిత్రకారుడు మనల్ని ఎక్కడ నిలబెట్టాడో చూడండి. ఓడ మీద కాదు. ఒడ్డున కూడా కాదు. ఓడ దూరంగా ఉంది, మన కళ్లు అలల ఎత్తులో ఉన్నాయి. సంకెల కాలు మనకు అన్నిటికన్నా దగ్గర. అంటే మనం నీళ్లలో ఉన్నాం, తోసేయబడ్డవాళ్ల పక్కన. రస్కిన్ నీళ్లలోంచి లేచి ఒడ్డున కూర్చుని పొద్దును వర్ణించాడు. కొన్నేళ్లకే, 1844లో, సారా వర్తకుడైన తండ్రి ఆ బొమ్మనే కొని ఆయనకు కానుకగా ఇచ్చాడు. ఇంట్లో రోజూ చూడలేకపోయాడనీ అందుకే తర్వాత అమ్మేశాడనీ చెబుతారు. అది నిజమైతే పాదసూచిక గోడమీదికి ఎక్కి ఆయన్ని చూడ్డం మొదలుపెట్టిందన్నమాట. 1899 నుంచి ఆ బొమ్మ అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో ఉంది.

ఇక మన వైపు వద్దాం. ఈ రెండు చరిత్రల్ని కలపడం మా సరదా కాదు. 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిని మినహాయించింది. ఇక్కడి బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదన్న చట్టం రావడానికి 1843 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికే, 1834 నుంచి, మారిషస్ చెరుకు తోటల్లో బానిసల బదులు మన కూలీల్ని దింపడం మొదలైంది. కోరంగి రేవు పేరుమీద తెలుగు కూలీల్ని అక్కడ కోరంగీలన్నారు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అంకితం ఇచ్చింది బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు. ఈ సంబంధాన్ని మనకంటే ముందు చూసినవాళ్లు మన పెద్దలే.

అంబేద్కర్ బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పోల్చి, అంటరానితనమే ఎక్కువ క్రూరమన్నాడు. బానిస యజమాని ఆస్తి గనక అతన్ని బతికించుకోవడంలో యజమానికి స్వార్థం ఉంటుంది. అంటరానివాడు చస్తే నష్టపోయే యజమాని లేడు. ఇది గట్టి వాదన. జాంగ్ కేసు దీనికి ఒక మెలిక పెడుతుందని మా అభిప్రాయం. ఇన్సూరెన్సు వచ్చాక ఆస్తిగా ఉండటం కూడా ప్రాణానికి రక్షణ కాకుండా పోయింది. రోగంతో బతికున్న బానిస కంటే నీళ్లలోకి విసిరిన బానిస ఎక్కువ ధర పలికాడు. బాబాసాహెబ్‌ను కాదనడం కాదు ఇది. ఆయన వేసిన ప్రశ్నను ఇంకో అడుగు ముందుకు తీసుకుపోవడం. ఎవరి చావు ఎవరి ఖాతాలో లాభంగా జమ అవుతుందన్నదే ఆ ప్రశ్న.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి, కాలువ నీళ్లలో పడేశారు. అక్కడా నీళ్లు సాక్ష్యం చెప్పాయి, శవాల్ని తేల్చి. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యాలు చాలవని అందర్నీ వదిలేసింది. లివర్‌పూల్ ఓడా చుండూరు కాలువా ఒకటేనని మేం చెప్పం. ఒకటి వ్యాపారం లెక్క, ఇంకొకటి కులం పగ. కానీ నీళ్లలో పడేస్తే జరిగింది జరగనట్టే అవుతుందన్న ధీమా రెండు చోట్లా ఒకటే. కోర్టు ముందు చచ్చినవాడి మాట తేలిపోవడమూ ఒకటే. ఈ అనుభవం ఉన్నవాళ్లం గనక టర్నర్ బొమ్మ ముందు మన కళ్లు ముందు కుడిపక్క కింది మూలకే పోతాయి.

మిత్రులు కొందరు అంటారు, ఇట్లా చూస్తే అందాన్ని చంపేస్తారు మీరు అని. మేం అడిగేది చూపు వరస మార్చమని. ముందు కాలు చూడండి. ఆ చీలమండకు సంకెల ఎవరు వేశారో, తలకు 30 పౌండ్లు ఎవరు లెక్కగట్టారో తెలుసుకోండి. వాన కురిసిన సంగతి గుర్తుంచుకోండి. ఆ తర్వాత తలెత్తి ఆకాశం చూడండి. ఎరుపు అప్పుడూ ఎరుపే. కాకపోతే అది దేని ఎరుపో తెలుస్తుంది. టర్నర్ ఎంత గొప్ప చిత్రకారుడో, ఎక్కడ తప్పించుకున్నాడో రెండూ అప్పుడే తెలుస్తాయి.

తరగతి గదిలో ఏ తీరం బొమ్మ చూపించినా, ఏ ప్రకృతి వర్ణన చదివించినా మన ఉపాధ్యాయులు ఈ ఒక్క పని చేస్తే చాలు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఎవరున్నారో ముందు పిల్లల చేత గట్టిగా చదివించండి. మబ్బుల దగ్గరికి తర్వాత పోవచ్చు.